యుద్ధం నుంచి ఇంటికి వచ్చిన నాన్న
పి.టి.ఎస్.డి. – పిల్లల పెంపకంపై దాని ప్రభావం



మా ఆసుపత్రికి వచ్చే కుటుంబాలలోను, మన సంఘాలలోను మిలటరీలో పనిచేసి వచ్చినవారు చాలామంది ఉన్నారు. మన ప్రాంతానికి ఇది కొత్త సంగతి కాదు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి సైన్యానికి బిడ్డలను పంపుతూ ‘మిలటరీ మాధవరం’ అని పేరు తెచ్చుకుంది. తర్వాతి తరాల జవాన్లు శ్రీలంకలో (1987–90), కార్గిల్‌లో (1999), కాశ్మీరు లోయలో, సియాచిన్ మంచులో పనిచేశారు.

కాలికి తూటా తగిలిందంటే అందరికీ కనిపిస్తుంది. కట్టు కడతాం, పలకరించడానికి వెళ్తాం. మనసుకు తగిలిన గాయం ఎక్స్‌రేలో కనిపించదు. దాని పేరు తెలియక ఇంట్లోవాళ్ళు “మనిషి మారిపోయాడు”, “కోపిష్ఠి అయిపోయాడు”, “మా మీద ప్రేమ లేదు” అనుకుంటారు. పెద్దవాళ్ళు ఇలా అనుకుంటే, పిల్లలు ఇంకో మెట్టు ముందుకు వెళ్ళి, “నా వల్లే నాన్న ఇలా ఉన్నాడు” అనుకుంటారు. ఈ అపోహను తొలగించాలనే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఏమిటి ఈ జబ్బు?

పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అన్నది దీని పూర్తి పేరు. పొట్టిగా పి.టి.ఎస్.డి. అంటారు. ప్రాణభయం కలిగించిన సంఘటన, లేదా తోటివారు కళ్ళెదుట చనిపోవడం వంటి ఘోరం జరిగిన తర్వాత మనసులో మిగిలిపోయే గాయం ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో డాక్టర్లు దీనిని ‘షెల్ షాక్’ అన్నారు. ఆ రోజుల్లో చాలామంది దీనిని పిరికితనంగా లెక్కగట్టారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికుల బాధలు చూశాక, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పుస్తకంలో దీనికి ఇప్పుడున్న పేరు పెట్టింది.

దీని లక్షణాలు నాలుగు రకాలు.

1. జరిగినది మళ్ళీ మళ్ళీ కళ్ళముందుకు రావడం, పీడకలలు.
2. దానిని గుర్తుచేసే మనుషులను, చోట్లను, మాటలను తప్పించుకుని తిరగడం.
3. మనసు మొద్దుబారడం. సంతోషం, ప్రేమ కూడా తెలియకపోవడం, తనను తాను నిందించుకోవడం.
4. ఎప్పుడూ ఉలికిపాటు, చిరాకు, నిద్ర పట్టకపోవడం.

ఇవి నెల రోజులు దాటి ఉండి, ఇంటి పనికీ ఉద్యోగానికీ అడ్డం వస్తుంటే డాక్టరుకు చూపించుకోవాలి. కొందరిలో సంఘటన జరిగిన కొన్ని నెలలకో, సంవత్సరాలకో గాని జబ్బు పూర్తిగా బయటపడదు.

జవాన్లకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగం ఒకటి ఉంది. అది సెంట్రీ వంటిది. యుద్ధభూమిలో ఆ సెంట్రీ మెలకువగా ఉండబట్టే ప్రాణం నిలిచింది. పి.టి.ఎస్.డి.లో ఇంటికి వచ్చాక కూడా ఆ సెంట్రీ డ్యూటీ దిగడు. వంటింట్లో స్టీలు పళ్ళెం పడినా తుపాకీ పేలినట్టే ఒళ్ళంతా అప్రమత్తమవుతుంది.

యుద్ధం చూసిన ప్రతివారికీ ఈ జబ్బు రాదు. ఎక్కువమందికి రాదు. 1980లలో అమెరికాలో వియత్నాం సైనికులపై జరిగిన జాతీయ సర్వేలో, యుద్ధరంగంలో పనిచేసిన పురుషులలో సుమారు 15 శాతం మందికి సర్వే నాటికి పి.టి.ఎస్.డి. ఉన్నట్టు తేలింది. యుద్ధం ముగిసి అప్పటికి పదేళ్ళు దాటింది. అదే సర్వేలో భార్యలనూ ప్రశ్నించారు. జబ్బు ఉన్నవారి ఇళ్ళలో దంపతుల మధ్య, తండ్రీబిడ్డల మధ్య ఇబ్బందులు ఎక్కువగా ఉన్నాయని, పిల్లల ప్రవర్తనలో సమస్యలు కూడా ఎక్కువని తెలిసింది.

పెన్షన్ మీద ఇంటికి వచ్చాక

మన జవాన్ల విషయంలో ఇంకొకటి గమనించాలి. పదిహేను, ఇరవై ఏళ్ళ సర్వీసు చేసి నలభై ఏళ్ళ లోపో, ఆ చుట్టుపక్కలో పెన్షన్ మీద వచ్చేస్తారు. అప్పటికి పిల్లలు బడిలో ఉంటారు. అన్నాళ్ళూ నాన్న అంటే సాలుకు రెండు నెలలు సెలవు మీద వచ్చి, ట్రంకుపెట్టె తెరిచి బొమ్మలు, బట్టలు తీసే మనిషి. ఇల్లు నడిపినది అమ్మ, అమ్మమ్మ, తాతయ్య. ఇప్పుడు నాన్న ఇంట్లోనే ఉంటాడు. ఎవరి మాట చెల్లాలి, ఎవరు కొట్టాలి, ఎవరు బుజ్జగించాలి అన్నది అందరూ కొత్తగా నేర్చుకోవాలి. జబ్బు లేని ఇంట్లోనే ఇది కష్టం. జబ్బు కూడా ఉంటే చెప్పనక్కరలేదు.

తండ్రీబిడ్డల మధ్య ఏం జరుగుతుంది?

మొద్దుబారిన మనసు. పన్ను పీకే ముందు మా డాక్టరు ఇచ్చే ఇంజక్షను సంగతి మీకు తెలుసు. అది నొప్పిని ఒక్కదాన్నే ఆపదు. పెదవికి, నాలుకకు కూడా స్పర్శ తెలియదు. మనసు కూడా అంతే. భయాన్ని, దుఃఖాన్ని తట్టుకోవడానికి మొద్దుబారితే, బిడ్డ నవ్వు కూడా లోపలికి వెళ్ళదు. పాప క్లాసు ఫస్టు వచ్చానని పరుగెత్తుకొస్తే, “మంచిది” అని టీవీ వైపు తిరుగుతాడు. ఆయనకు ప్రేమ లేక కాదు. ఉన్న ప్రేమ ఆయనకే అందడం లేదు. వియత్నాంలో పోరాడిన తండ్రులపై 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అన్ని లక్షణాలలోకి పిల్లలతో సంబంధం దెబ్బతినడానికి ఎక్కువగా ముడిపడి ఉన్నది ఈ మొద్దుబారడమే అని తేలింది. కోపం ఊరంతటికీ వినిపిస్తుంది కనుక మనం కోపాన్ని గురించే మాట్లాడతాం. చప్పుడు లేని ఈ దూరం మాత్రం ఎవరి కంటా పడదు.

ఉలికిపాటు, కోపం. చంటిబిడ్డ ఏడుపు, పిల్లల కేరింతలు, తలుపు ధడాలున వేయడం – ఇవి చాలు. ఒక్కసారిగా అరుస్తాడు, చెయ్యి ఎత్తుతాడు. తర్వాత తనే కుమిలిపోతాడు. క్రమంగా ఇంటిల్లిపాదీ నాన్న ముఖం చూసి అడుగు వేయడం నేర్చుకుంటారు. జబ్బు ఉన్న తండ్రులందరూ పిల్లలను కొడతారని మేము అనడం లేదు. చాలామంది తమ కోపానికి తామే భయపడి పిల్లలకు దూరంగా జరుగుతారు.

తప్పించుకోవడం. జనం కిక్కిరిసిన చోటు, బాణసంచా, మైకుల హోరు భరించలేరు. కనుక స్కూలు వార్షికోత్సవానికి రారు, పెళ్ళిళ్ళకు రారు, క్రిస్మస్ రాత్రి గుడికీ రారు. స్టేజీ మీద గొర్రెల కాపరి వేషంలో నిలబడిన బాబు జనంలో నాన్న కోసం వెతుక్కుంటాడు. నాన్న ఎందుకు రాలేదో వాడికి ఎవరూ చెప్పరు.

అతి కాపలా. కొందరు రాత్రి మూడుసార్లు లేచి గడియలు చూస్తారు. అమ్మాయిని సైకిలు ఎక్కనివ్వరు, స్నేహితుల ఇంటికి పంపరు, పది నిమిషాలు ఆలస్యమైతే వీధిలో నిలబడతారు. ‘మిలటరీ క్రమశిక్షణ’ అని చుట్టాలు మెచ్చుకుంటారు. లోపల ఉన్నది మాత్రం భయం.

మద్యం. నిద్ర పట్టడానికి క్యాంటీను రమ్ముతో మొదలవుతుంది. మద్యం నిద్రను చెడగొడుతుంది, పీడకలలను, కోపాన్ని పెంచుతుంది. కొన్ని ఇళ్ళలో తాగుడు ఒక్కటే అందరికీ కనిపిస్తుంది, దాని వెనుక ఉన్న జబ్బు కనిపించదు.

మనసును తొలిచే అపరాధ భావం. దీనిని గురించి ఎవరూ నోరు విప్పరు. “పక్కనున్నవాడు పోయాడు, నేనెందుకు మిగిలాను?” అనే ప్రశ్న కొందరిని వదలదు. యుద్ధంలో పసిపిల్లల శవాలు చూసినవారు తమ సొంత బిడ్డను ఎత్తుకోవడానికి వెనుకాడతారు. ఈ చేతులతో ముట్టుకోకూడదని అనుకుంటారు. బయటివారికి అది నిర్లక్ష్యంగా కనిపిస్తుంది.

సైన్యంలో నర్సులుగా, ఆఫీసర్లుగా పనిచేసిన తల్లులకు కూడా ఈ జబ్బు రావచ్చు. పైన చెప్పినవి వారికీ వర్తిస్తాయి.

పిల్లలు దీనిని ఎలా అర్థం చేసుకుంటారు?

ఐదేళ్ళ లోపు పిల్లలు మాటల్లో చెప్పలేరు. అమ్మ కొంగు వదలరు, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తారు.

బడికి వెళ్ళే పిల్లలు కారణం వెతుక్కుంటారు. కారణం దొరక్కపోతే తామే కారణం అనుకుంటారు. “నేను అల్లరి మానేస్తే నాన్న బాగవుతాడు” అని అతి బుద్ధిగా తయారవుతారు. ఆ బుద్ధిమంతుడిని చూసి మనం ముచ్చటపడతాం. తరచూ కడుపునొప్పి, తలనొప్పి అని మా పిల్లల ఓ.పి.కి వచ్చే బిడ్డకు పరీక్షలన్నీ మామూలుగా ఉంటే, ఇంట్లో పరిస్థితి ఎలా ఉందో మేము అడిగేది ఇందుకే.

పదమూడేళ్ళు దాటినవారు రెండు దారులలో పోతారు. కొందరు ఎదురు తిరిగి ఇల్లు పట్టకుండా తిరుగుతారు. కొందరు చిన్నవయసులోనే ఇంటి పెద్ద బరువు నెత్తికెత్తుకుంటారు. తమ్ముణ్ణి చూసుకోవడం, అమ్మను ఓదార్చడం, నాన్న తాగిన సీసాలు దాచడం వారి పని అవుతుంది.

ఇంత చెప్పినా, ఇటువంటి ఇళ్ళలో పెరిగిన పిల్లలు పాడైపోతారని ఎవరూ అనుకోవద్దు. నిలకడగా ప్రేమించే మనిషి ఒక్కరున్నా, ఇంట్లో ఏం జరుగుతున్నదో తెలిసినా, చాలామంది చక్కగా ఎదుగుతారు.

పిల్లలకు ఏమి చెప్పాలి?

యుద్ధం వివరాలు చెప్పనక్కరలేదు. నెత్తురు, శవాల కథలు పిల్లలకు మంచివి కావు. అలాగని పూర్తిగా మౌనంగా ఉండటం కూడా మంచిది కాదు. చెప్పకపోతే పిల్లలు ఊహించుకుంటారు, ఊహ నిజంకంటె భయంకరంగా ఉంటుంది. వయసుకు తగ్గట్టు ఇలా చెప్పవచ్చు:

“నాన్నా, మీ డాడీ మిలటరీలో ఉన్నప్పుడు చాలా ప్రమాదాలు చూశారు. అవి గుర్తొచ్చినప్పుడు ఆయనకు భయం వేస్తుంది, కోపం వస్తుంది. అది ఒక జబ్బు. నువ్వు చేసిన దానివల్ల రాలేదు. దానిని బాగుచేసే పని నీది కాదు, డాక్టరుగారిది, పెద్దవాళ్ళది. డాడీకి నువ్వంటే ఇష్టం.”

ఈ మాటలు ఒక్కసారి చెబితే చాలదు. ప్రతి గొడవ తర్వాతా చెప్పాలి. తండ్రే స్వయంగా చెప్పగలిగితే ఇంకా మంచిది.

తండ్రులకు మా సలహాలు

• కోపం పొంగుతున్నట్టు తెలిసిన వెంటనే “పది నిమిషాలు బయటికి వెళ్తున్నాను, మళ్ళీ వస్తాను” అని చెప్పి వెళ్ళండి. చెప్పిన వేళకు తప్పక రండి. చెప్పకుండా లేచిపోతే బిడ్డకు అది మరో భయం.

• అరిచిన తర్వాత క్షమించమని అడగండి. తండ్రి బిడ్డను క్షమాపణ అడిగితే గౌరవం తగ్గదు. “ఇందాక నేను అరిచాను, అది నా తప్పు, నీది కాదు” అంటే చాలు.

• రోజుకు పదిహేను నిమిషాలు ఒక బిడ్డతో గడపండి. క్యారమ్స్ ఆడటం, మొక్కలకు నీళ్ళు పోయడం, బడికి దింపడం – ఏదైనా సరే. మనసుకు సంతోషం తెలియకపోయినా చేయండి. ప్రేమ అనిపించే వరకు ఆగనక్కరలేదు. పని ముందు మొదలైతే, అనుభూతి మెల్లగా వస్తుంది.

• పిల్లలను బెల్టుతో, కర్రతో శిక్షించవద్దు. ఇల్లు బ్యారక్ కాదు.

• బ్యాంకు గార్డుగానో, సెక్యూరిటీలోనో పనిచేస్తూ లైసెన్సు తుపాకీ ఉన్నవారు, మనసు బాగుండని రోజుల్లో దానిని ఇంట్లో ఉంచవద్దు. రైతు కుటుంబాలు పురుగుమందును కూడా తాళం వేసి ఉంచాలి.

తల్లులకు

“ఉండు, మీ నాన్నకు చెబుతాను” అని పిల్లలను బెదిరించవద్దు. అసలే దూరంగా ఉన్న నాన్న ఆ మాటతో బూచి అయిపోతాడు. పీడకలలో ఆయన పెనుగులాడుతుంటే పట్టుకుని కుదపవద్దు. నిద్రమత్తులో శత్రువనుకుని కొట్టే ప్రమాదం ఉంది. లైటు వేసి, కాస్త దూరం నుంచి పేరు పెట్టి పిలిచి, “మీరు ఇంట్లో ఉన్నారు” అని చెప్పండి. ఈ సంగతి పిల్లలకూ నేర్పండి.

ఇంటి గుట్టు కాపాడాలని ఏళ్ళ తరబడి ఒక్కరే మోయకండి. మిమ్మల్ని గాని పిల్లలను గాని కొడుతుంటే, దానిని సహించడం భక్తి కాదు. ముందు సురక్షితమైన చోటికి వెళ్ళండి. ఆయన చికిత్స సంగతి ఆ తర్వాత చూద్దాం.

సంఘానికి ఒక మనవి

ఏలీయా ప్రవక్త కర్మెలు పర్వతం మీద ఘన విజయం పొందిన వెంటనే ప్రాణభయంతో అరణ్యానికి పారిపోయి, చచ్చిపోతే బాగుండునని బదరీవృక్షం క్రింద పడుకున్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. మొదట నిద్ర ఇచ్చాడు, రొట్టె, నీళ్ళు పంపాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. మాటలు ఆ తర్వాత వచ్చాయి. మన సంఘం కూడా ఈ వరుసను పాటిస్తే బాగుంటుంది.

“విశ్వాసం ఉంటే ఈ భయం ఉండదు” అనే మాట ఆయన నోరు మూయిస్తుంది. ‘వీరుడు’ అని రిపబ్లిక్ డే నాడు ముందు చెప్పకుండా ముందుకు పిలిచి యుద్ధం సాక్ష్యం చెప్పమన్నా అంతే. ఎంతమందిని చంపారని పిల్లలు అడగకుండా సండే స్కూలు టీచర్లు చెప్పి ఉంచాలి. ఆయన తలుపు దగ్గర కూర్చుంటే కూర్చోనివ్వండి. పండుగకు టపాకాయలు కాల్చే వేళ ముందుగా ఆ ఇంటికి తెలియజేయండి. ప్రార్థన చేయండి, మందులు మాత్రం మానమని ఎవరూ చెప్పవద్దు. పాస్టరుగారు ఆసుపత్రికి తోడు వస్తే అదే గొప్ప పరిచర్య.

చికిత్స గురించి అడిగే ప్రశ్నలు

ఇది పిచ్చా?
కాదు. గుర్తించి వైద్యం చేయదగిన జబ్బు.

ఏ వైద్యం ఉంది?
ముఖ్యమైనది మాటలతో చేసే ప్రత్యేక చికిత్స. శిక్షణ పొందిన మానసిక నిపుణుని దగ్గర, భద్రమైన వాతావరణంలో, ఆ జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్పుతారు. సాధారణంగా కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. సెర్ట్రలిన్ వంటి మందులు కూడా ఉపయోగపడతాయి. ఇవి అలవాటు పడే నిద్రమాత్రలు కావు. అయితే వాటంతట అవి మానకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవడం మాత్రం ప్రమాదం.

ఇన్నేళ్ళయింది, ఇప్పుడు పనిచేస్తుందా?
పనిచేస్తుంది. పదుల సంవత్సరాల తర్వాత వచ్చినవారికి కూడా మేలు జరుగుతుంది.

తండ్రికి వైద్యం చేస్తే పిల్లల సంగతి దానంతటదే సర్దుకుంటుందా?
కొంత సర్దుకుంటుంది. పెంపకం గురించి విడిగా నేర్చుకుంటే ఇంకా మేలు. అమెరికాలోని మిన్నెసోటాలో ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాల నుంచి వచ్చిన సైనికుల కుటుంబాలకు 14 వారాల శిక్షణ ఇచ్చారు. కోపాన్ని పట్టుకోవడం, పిల్లల భావాలు వినడం, కొట్టకుండా హద్దులు పెట్టడం నేర్పారు. ఆ కుటుంబాలలో పెంపకం మెరుగుపడిందని పరిశోధనలో తేలింది.

పెన్షన్ ఆగిపోతుందా? అందరికీ తెలుస్తుందా?
సర్వీసులో ఉండగా మెడికల్ కేటగిరీ తగ్గుతుందేమోనని దాచిపెట్టిన అలవాటు రిటైరైనా పోదు. చికిత్స చేయించుకున్నంత మాత్రాన సర్వీసు పెన్షన్ ఆగదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం మా బాధ్యత.

ఎక్కడికి వెళ్ళాలి?
పెన్షన్ పొందే మాజీ సైనికులకు, వారిపై ఆధారపడిన కుటుంబ సభ్యులకు 2003 నుంచి ఇ.సి.హెచ్.ఎస్. పథకం ఉంది. కార్డు ఉంటే మీ పాలీక్లినిక్‌లో అడగండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం కూడా దారి చూపుతుంది. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మా ఓ.పి.లో ఏ డాక్టరుకు చెప్పినా సరే, “నిద్ర పట్టడం లేదు” అన్న ఒక్క మాటతో మొదలుపెట్టండి.

వెంటనే తీసుకురావలసిన సూచనలు

• చచ్చిపోతానని అనడం, “నేను లేకపోతే మీరు సుఖంగా ఉంటారు” అనడం
• ఇంట్లోవారిని ఆయుధంతో బెదిరించడం
• తాను ఇంకా యుద్ధంలోనే ఉన్నట్టు ప్రవర్తించి, ఎంతసేపటికీ తెలివిలోకి రాకపోవడం
• రోజుల తరబడి నిద్రాహారాలు మానేయడం

ఇటువంటప్పుడు ఆయనను ఒంటరిగా వదలకండి. ఓ.పి. వేళల కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకురండి. ప్రమాదం ముంచుకొస్తే 112కు ఫోను చేయండి. పిల్లల రక్షణ కోసం 1098 ఉంది.

ఇది చదువుతున్న తండ్రి ఎవరైనా తనను తాను ఇందులో గుర్తుపట్టి ఉంటే, ఈ రాత్రి ఒక్క పని చేయమని కోరుతున్నాము. మీ బిడ్డను దగ్గరికి పిలిచి, “నాకు ఒంట్లో బాగుండటం లేదు, డాక్టరు దగ్గరికి వెళ్తాను, నీ తప్పేమీ లేదమ్మా” అని చెప్పండి. రేపు ఉదయం రండి, మేము ఉంటాము. ప్రభువు మీ ఇంటికి సమాధానం అనుగ్రహించును గాక.